టిన్ను మొక్కజొన్న వాసన

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి డెస్ హాలినన్ ఆసుపత్రికి వచ్చి, ప్రయోగంలోంచి తన పేరు తీసేయమన్నాడు. మందు రెండో సంచి నరంలోకి ఎక్కించాల్సింది ఆ రోజే.

నర్సు ట్రూడీ సూది పక్కన పెట్టి కారణం అడిగింది.

"నాకెక్కించింది ఉత్త నీళ్లు. ఇంకోసారి పొడిపించుకోవడం దేనికి?"

డెస్ న్యూకాసిల్ రేవులో పెద్ద ఓడల్ని లాగే టగ్‌బోటు నడిపి రిటైరైనవాడు. ఎడమకాలి ధమని లోపలి గోడ దెబ్బతింది. పాదం దక్కడం కష్టమని సర్జన్ చెప్పాక ఈ ప్రయోగంలో చేరాడు. రక్తంలోంచి రోగనిరోధక కణాలు కొన్ని తీస్తారు. దెబ్బతిన్న చోటు వెతుక్కుంటూ పోయి బాగుచేసేలా వాటిని ల్యాబులో మారుస్తారు. గడ్డకట్టించి దాచి, తిరిగి అతనికే ఎక్కిస్తారు. పోల్చి చూడ్డానికి సగం మంది సంచుల్లో కణాలు కలపరు. ఎవరిది ఏ సంచో నర్సుకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

"మాకే తెలియనిది మీకెలా తెలిసింది, డెస్?"

"వాసన. కణాలు పడినవాడి ఒళ్లు రెండు రోజులు టిన్ను మొక్కజొన్నలా కొడుతుందట గదా."

ఆ మాట చెప్పింది రాస్. అతనూ డెస్ లాగే రేవు అవతలి ఒడ్డున స్టాక్‌టన్‌లో ఉంటాడు, అదే ప్రయోగంలో ఉన్నాడు. మొదటి సంచి ఎక్కించిన రాత్రి వాళ్లావిడ అతన్ని గరాజులో పడుకోబెట్టింది. రాస్ దాన్ని పతకంలా చెప్పుకు తిరిగాడు. "ఒరేయ్, నీకు పడింది ఉప్పునీళ్లేరా" అని డెస్‌ను ఏడిపించాడు.

తన వాసన తనకు తెలియదు కాబట్టి డెస్ కూడా ఆ రాత్రి భార్య ముందు నిలబడ్డాడు. నోలీన్ అతని మెడ దగ్గర ముక్కు పెట్టి పీల్చింది. ఏమీ లేదంది. మర్నాడు పొద్దున మాడిన టోస్టు గీకుతూ మళ్లీ అదే చెప్పింది.

అయితే ఒక సంగతి అతనికి అంతుపట్టలేదు. ఇదివరకు ఫెర్రీ దిగి ఇంటికి చేరేలోపు పిక్క పట్టేసి రెండు మూడు చోట్ల ఆగేవాడు. ఈమధ్య ఆగడం లేదు. ఉప్పునీళ్లకు కాలు బాగుపడుతుందా? నోలీన్‌ని అడిగితే, వేసవి వచ్చింది కదా అంటూ టీలో పాలు పోసింది. పాలు విరిగాయి. షాపువాణ్ణి తిట్టింది.

ఇదంతా విని ట్రూడీ నవ్వబోయి ఆగింది.

"ఆ వాసన కణాలది కాదు. గడ్డకట్టేటప్పుడు అవి చావకుండా కలిపే మందుది. కణాలున్నా లేకపోయినా అన్ని సంచుల్లోనూ అది కలుపుతారు, మీలాంటివాళ్లు పసిగట్టకుండా. ఆ రోజు నేను కిటికీలన్నీ తీశాను, గుర్తుందా?"

"ఉక్కపోసి తీశావనుకున్నా."

"మీ దెబ్బకే తీశాను. రాస్ కంటే మీరే ఎక్కువ కంపు."

డెస్ సంచి ఎంతసేపు ఆగుతుందని అడిగాడు. కరిగించకపోతే మధ్యాహ్నం దాకా ఆగుతుందని ట్రూడీ చెప్పింది. ఇంట్లో ఒక్క మాట అడిగి వస్తానని లేచాడు.

దక్షిణపు గాలికి ఫెర్రీ ఊగుతోంది. డెస్ కమ్మీ పట్టుకుని ఆలోచించాడు. ఈ ప్రయోగం నోలీన్‌కు మొదటి నుంచీ ఇష్టం లేదు. నీ ఒంటితో వాళ్ల ఆటలేమిటని సంతకం రోజునే అంది. అయినా ఇన్నేళ్ల కాపురంలో ఆమె అతనితో అబద్ధమాడిన గుర్తు లేదు. తను ప్రయోగం మానేస్తే చాలు, కాలు పోయినా ఫరవాలేదనుకుందా? ఎంత ఆలోచించినా పొంతన కుదరలేదు.

ఫెర్రీ దిగి ఎక్కడా ఆగకుండా ఇంటికి నడిచాడు. వరండాలో మూసిన అద్దాల తలుపు ఇవతల నిలబడ్డాడు. నోలీన్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని పేపర్లో గళ్లనుడికట్టు నింపుతోంది.

"నోలీన్, ఆ రాత్రి నా ఒళ్లు కంపు కొట్టింది. లేదని ఎందుకు చెప్పావు?"

ఆమె తలెత్తింది. అడిగింది అర్థం కానట్టు చూసింది.

"కొట్టలేదు కాబట్టి చెప్పాను. లోపలికి రా. టీకి నీళ్లు పెట్టి అరగంటైంది, ఇంకా కాగి చావలేదు."

డెస్ తలుపు లాగాడు.

పొయ్యి మీద గిన్నె కింద మంట లేదు. వంటింటి నిండా గ్యాస్ వాసన.