బిగిసిన తాడు

తాడు లాగినా రాలేదంటే లోపం ఇంజన్‌లోనే ఉందని అందరూ నమ్ముతారు. దేవిదాస్ కూడా అలాగే నమ్మాడు.

ఉదయం ఏడు గంటలు. బాన్సువాడ నుంచి బీర్కూర్ వెళ్లే దారి పక్కన అతని మూడెకరాల వరి. దుబ్బుల మొదళ్లకు దోమ పట్టింది. మధ్యాహ్నం వానకు ముందే మందు కొట్టాలి. లేకపోతే చేను దక్కదు. ఇన్నేళ్లూ కిరాయి స్ప్రేయర్లతో గడిపిన దేవిదాస్ పోయిన వారమే సొంతంగా ఒకటి కొన్నాడు. నిన్న మొదటి లాగుడుకే మోగిన దాని చిన్న ఇంజన్ ఈ రోజు జానెడు తాడు కూడా వదలడం లేదు.

మెకానిక్ భోజ్యాకు ఫోన్ చేశాడు.

"నోట్ల తంబాకు ఉమిసి మాట్లాడన్నా. ఒక్క ముక్క సమజైతలేదు."

దేవిదాస్ తంబాకు మానేసి ఏడాదైంది. వాదించే ఓపిక లేక తాడు రాని సంగతే మళ్లీ చెప్పాడు.

"ప్లగ్గు ఇప్పి గుంజు. అలకగ వస్తే లోపట పెట్రోలు నిండినట్టు. అప్పుడు గూడ రాకుంటే పిస్టన్ జామైనట్టు. ఆయిల్ కలిపినవా, ఉత్త పెట్రోలే పోసినవా?"

"కలిపిన."

"కలిపితే ఎందుకు జామైతదే?"

దేవిదాస్‌కు తన మీదే అనుమానం వచ్చింది.

ప్లగ్గు విప్పడానికే గంట పట్టింది. పానా చేతిలోంచి రెండుసార్లు జారింది. లాగాడు; రాలేదు. భోజ్యా చెప్పినట్టు ప్లగ్గు రంధ్రంలో చెంచాడు నూనె పోసి, అది దిగేదాకా ఆగి లాగాడు, రాలేదు. జాలీలోంచి టార్చి వేసి చూశాడు. తాడు తిప్పే చక్రానికి గడ్డిపోచ కూడా అడ్డం లేదు. ఇంజన్‌ను కాలితో తొక్కిపట్టి లాగాడు. పదకొండున్నర దాటింది. మబ్బు దిగుతోంది. ఇక చెయ్యడానికి ఏమీ తోచక గట్టు మీద కూలబడ్డాడు.

పన్నెండింటికి తల్లి భూమవ్వ సద్ది తెచ్చింది.

"గిదేందిరా! వడ్ల బస్తా ఒక్కనివే ఎత్తుతవు, గీ తాడుకు ఓడినవా? జరుగు ఇగ."

డెబ్బై ఏళ్ల భూమవ్వ పిడి పట్టుకుని గుంజింది. తాడు సర్రున మూరెడు వచ్చింది. కొడుకును వెక్కిరించబోయి, అతని ముఖంలోకి చూసింది.

దవాఖాన కాగితం మీద రాసింది ఇంతే: కుడివైపు పక్షవాతం; మొదలైంది ఉదయం ఏడింటికి; మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు; రోగిని తెచ్చింది ఒంటిగంటకు.