ముందుగా అడిగినవాడు

లొసాలిని పొయ్యి మీద మూకుడు పెట్టింది. నూనె ఇంకా కాగలేదు.

ముసలాయన ఒకడు వంతెన దాటి వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ అమ్మవైపు చుట్టాన్ని తల్లీ," అన్నాడు నేలకేసి చూస్తూ. "కెరెకెరె. ఆ పిండి సంచీ నాకివ్వు."

"సంచీయా?"

"మొత్తం."

లొసాలిని చేతిలో గరిటె ఆగిపోయింది.

ఫిజీలో చుట్టం వచ్చి కెరెకెరె అని అడిగాక లేదనడం ఉండదు. ఇవాళ ఇచ్చినవాళ్ళు రేపు అడుగుతారు. ఊళ్ళు అలాగే బతికాయి. దుకాణాలే బతకలేదు.

ఆమె మొదటి సంచీ అలాగే పోయింది.

రాజధాని సువా వెళ్ళే బస్సులు, ఒక్క బండే పట్టే ఈ వంతెన దగ్గర ఎదుటి బండ్ల కోసం ఆగుతాయి. ప్రయాణికులు ఆకలితో ఉంటారు, దిగలేరు. నూనెలో కాల్చిన బంబకౌ రొట్టెను వెదురు కర్ర చివర పెట్టి కిటికీలోకి అందిస్తే? భర్త పోయాక ఆమె దగ్గర మిగిలింది ఆ ఆలోచన ఒక్కటే. పిండి తెచ్చిందని తెలిసి మేనత్త వచ్చింది, పెదనాన్న వచ్చాడు, మరుదులు వచ్చారు. మొదటి బస్సు వచ్చేసరికి సంచీ అడుగున పిడికెడు మిగిలింది.

ఈ రెండో సంచీ పెళ్ళిలో పెట్టిన ఖరీదైన అల్లిక చాప అమ్మి కొన్నది. ఇదీ పోతే పిల్లలను తీసుకుని అన్న ఇంట్లో ఓ మూల చేరడమే.

"తీసుకో తాతా," అంది. సంచీ ముందుకు జరిపింది.

ముసలాయన సంచీ ముడి మీద చెయ్యి వేశాడు.

"బాగుంది. ఇక నాది. మోయలేను. నీ దగ్గరే ఉంచు. కాల్చుకో, అమ్ముకో. అదుగో, బస్సు."

పక్కనున్న చెక్కపెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు.

బస్సు వెళ్ళాక మేనత్త ఉనైసీ గిన్నెతో వచ్చింది.

"కెరెకెరె లొసా. చర్చిలో విందు, కాస్త పిండి పెట్టు."

"నాది కాదత్తా. ఆ తాత అడిగాడు, ఇచ్చేశాను. అమ్మవైపు చుట్టమట."

"సంచీ మొత్తమా?" ఉనైసీ ముసలాయనవైపు తిరిగింది. "అది నోరా, సొరచేప నోరా?"

"సొరచేపకు పళ్ళుంటాయమ్మా," అని ఆయన చిగుళ్ళు చూపించాడు.

ఆయన ఉనైసీకి ఏమీ కాడు. అడగడానికి వరస లేదు. ఖాళీ గిన్నెతో వెళ్ళింది.

సాయంత్రానికి ఊళ్ళో ఆయనకు పేరు పడింది. సొరచేప తాత.

కొత్త సంచీ దిగిన ప్రతిసారీ ఆయన వచ్చాడు. టోపీ తీసి, పెట్టుకుని, అడిగాడు. తినేది ఒక రొట్టె, తాగేది నిమ్మాకు టీ. వాన వస్తే భుజం మీది గోనె తీసి సంచీకి కప్పేవాడు.

"నీ సొత్తుకు నువ్వే కాపలానా తాతా?" అనేవాడు బస్సు డ్రైవరు ధర్మేన్.

"నువ్వు వచ్చే దారి కదా మరి!"

లొసాలిని కూడా నవ్వేది. ఒకసారి అందరి ముందూ అనేసింది: "అడగడానికి సిగ్గుండాలి తాతా."

ఆయన టీ ఊదుకుంటూ, "ఉండాలి తల్లీ," అన్నాడు.

బల్లకు రేకు కప్పు వచ్చింది. రెండో పొయ్యి వచ్చింది. పిల్లల కాళ్ళకు చెప్పులు వచ్చాయి.

ఒక సోమవారం కొత్త సంచీ దిగింది. ఆయన రాలేదు.

మరుదులు వచ్చి రగ్బీ జట్టుకని అడిగారు. ఆ మర్నాడు ఉనైసీ గిన్నె తెచ్చింది. ఈసారి పెద్ద గిన్నె. సంచీ ఎవరిదని చెప్పాలో లొసాలినికి తోచలేదు. ఇచ్చింది.

శుక్రవారం బస్సు ఆగింది. కిటికీల్లోంచి చేతులు చాచారు. మూకుడు చల్లగా ఉంది.

ఆమె ఖాళీ సంచీ దులిపింది. మడిచి చంకలో పెట్టుకుంది. బస్సు కదిలేలోపు డ్రైవరు దగ్గరికి పరుగెత్తింది.

"ధర్మేన్, తాతది ఏ ఊరు?"

"వంతెన అవతల, గుట్ట కింద. నీకు తెలీదా అక్కా? పోయిన శనివారమే సమాధి చేశారు."

లొసాలిని రెండో పొయ్యి అమ్మేసి ఒక సంచీ పిండి తెచ్చింది. భుజానికెత్తుకుని వంతెన దాటింది.

ఆయన చెల్లెలు నల్లబట్టల్లో చాప మీద కూర్చుని ఉంది. వాకిట్లో ఒక కొట్టు. అరలు ఖాళీ. బల్ల మీదికి తీగ పాకింది.

లొసాలిని సంచీ ఆమె ముందు దించింది. మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దల ముందు చేసే మర్యాదగా అరచేతులు గుంటగా చేసి చప్పట్లు కొట్టింది.

"తాత వల్ల నా పొయ్యి ఆరలేదమ్మా. ఆయనుండగా ఆ మాట అనలేదు. అందుకు వచ్చాను."

ముసలామె సంచీ ముడి మీద చెయ్యి వేసింది.

"బాగుంది. ఇక నాది. మోయలేను. నీ దగ్గరే ఉంచు."

లొసాలిని తలెత్తింది. "ఈ మాటలు..."

"నాకు నోటికొచ్చు. నీ మొదటి సంచీ పోవడం వంతెన మీంచి చూశాడు. ఇంటికొచ్చి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని వల్లె వేశాడు. కెరెకెరె అనే మాట దగ్గరే ఆగిపోయేవాడు."

ముసలామె తీగ పాకిన కొట్టుకేసి చూసింది.

"అడిగినవాళ్ళకల్లా ఇచ్చి దాన్ని మూసుకున్నాడు గానీ తల్లీ, పుట్టి బుద్ధెరిగాక మా అన్నయ్య నోరు తెరిచి ఒకరిని అడగడం నీ దగ్గరే మొదలు."