బిగుతు గడియ

పెళ్లయి నెల దాటినా ఓబులపతి, గంగరత్నల గదికి తలుపు లేదు, పాత చీరే అడ్డం. పెనుకొండలో అందరి ఇళ్లకూ తలుపులు బిగించే ఓబులపతి ఈరోజు పొద్దున్నే తన గదికీ ఒకటి బిగించాడు. ద్వారబంధంలో గడియ దూరేందుకు ఉలితో గాడి తొలిచాడు. సరిపోయిందో లేదో చూద్దామని భార్యను లోపలికి పిలిచి గడియ వేశాడు.

అది మళ్లీ వెనక్కి రాలేదు.

బయట గంగరత్న అత్త తలుపు బాదుతోంది. ఓబులపతి చెల్లెలి పెళ్లికి పట్టుచీరలు తెచ్చేందుకు ఇంటిల్లిపాదీ ధర్మవరం పోవాలి. ఆటో వచ్చి వాకిట్లో నిలబడింది.

“ఉలి లోపలే ఉండాది కదరా, చెక్కి బయటికి రా.”

“యాడా కనపడల్యామ్మా.”

“ఇది తీసేతలికి పొద్దు పోతాది. మీరు పోండత్తా,” అంది గంగరత్న, కొంగు నోట్లో కుక్కుకుంటూ.

అత్త గొణుక్కుంటూ ఆటో ఎక్కింది. ఆ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా లోపల ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

“వానాకాలం చెక్క ఉబ్బుతాది, గాడి వదులుగా కొట్టాలని ఊరందరికీ చెప్తావే. మనదేమి ఇంత బిగుతుగా కొట్టినావు?”

దొరికిపోయిన ఓబులపతి నవ్వాడు. “కావాలనే కొట్టినాలే. కానీ ఉలి నిజంగానే కనపడల్యా. సాయంత్రం బయటికి పోయేదెట్ల?”

గంగరత్న దిండు ఎత్తింది. దాని కింద ఉలి ఉంది. మొగుడు చూశాడని తెలిశాక, దిండు మళ్లీ దాని మీదే పెట్టేసింది.