చూడకముందు రాసిన మాట

"ముక్కు తుడుచుకో అక్కా, నీ అభిమానులు చూస్తే పరువు పోతుంది," అన్నాడు సోసుకె, ఒకయామా నగరంలో సినిమా థియేటరు మెట్లు దిగుతూ.

"జలుబు చేసిందిరా," అంది మియోరి. కళ్ళు మాత్రం ఎర్రగా ఉబ్బిపోయాయి.

చిన్నప్పుడు ప్రాణంగా చూసిన నక్కపిల్ల యానిమే కార్టూన్‌ను మనుషులతో సినిమాగా తీశారని తెలియగానే, చూడకుండానే ఆన్‌లైన్‌లో ఉతికి ఆరేసింది. "నక్కపిల్ల కాదు, విగ్గు పెట్టిన కొయ్యబొమ్మ!" వేలమంది భేష్ అన్నారు. తీరా తమ్ముడు లాక్కొస్తే, ఆ కొయ్యబొమ్మే ఆమెను వెక్కివెక్కి ఏడిపించింది.

"రాసింది తీసెయ్యి మరి."

"అంతమందిలో తలెక్కడ పెట్టుకోను?"

కాస్త ఆలోచించి, తన రాత కిందే మారుపేరుతో రాసింది: "సినిమా బాగుంది. చూసి మాట్లాడండి."

మెట్లు దిగేలోపే జవాబులు విరుచుకుపడ్డాయి. "నీకేం తెలుసు? మియోరి గారిని చూసి నేర్చుకో!" "నువ్వూ ఒక కొయ్యబొమ్మవే!"

మియోరి మొహం కందిపోయింది. "ఎంత మాటన్నార్రా! వీళ్ళలో ఒక్కరైనా సినిమా చూశారా?"

"ఎందుకు చూస్తారు? నువ్వు వద్దన్నావుగా," అన్నాడు సోసుకె పకపకా నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. మెట్ల మీదే కూలబడి, ఈసారి సొంత పేరుతోనే రాసింది: "అప్పుడు చూడకుండా రాశాను. ఇవాళ చూశాను. ఏడ్చాను." కళ్ళు మూసుకుని పంపేసింది.

"ఇక మొదలవుతుంది చూడు, తిట్ల వాన!"

మియోరి గబుక్కున లేచి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "పద, ఇంకో ఆట చూద్దాం. లోపల ఫోన్లు ఆపెయ్యాలిగా!"