కాశ్మీరు చిలక

"బాబాయ్, వచ్చే శుక్రవారం మేమూ కాశ్మీరు బయల్దేరుతున్నాం!"

ఆ మాట చెవిన పడగానే వెంకటప్పయ్యకు ఇడ్లీ ముక్క గొంతులో అడ్డం పడింది. అన్నవాడు రాజేంద్రప్రసాద్, తిరువూరు బజార్లో బట్టల కొట్టు యజమాని. అంకారావు గల్లాపెట్టె వదిలి పరుగున వచ్చి మంచినీళ్ళందించాడు.

అంకారావు హోటల్లోనే కాదు, ఊళ్ళో ఎక్కడైనా వెంకటప్పయ్యకి ఆ మాత్రం మర్యాద ఉంది. ఊరు ఊరంతా ఎగబడి చూసిన ఒక సినిమాలో హీరో హీరోయిన్లు పాడుకున్న సరస్సూ, పడవా, మంచుకొండా స్వయంగా చూడాలని కిందటి వేసవిలో ఆయన భార్యాసమేతంగా బయల్దేరాడు. తిరిగొచ్చిన రోజు నుంచి ఆయన కాశ్మీరు వెంకటప్పయ్య. హైస్కూలు పిల్లలకి ఉపన్యాసమిచ్చాడు. పొలం గట్టు తగాదా వచ్చినా "దేశం చూసిన మనిషి, ఆయన్నే అడుగుదాం" అని కబురు పెట్టేవాళ్ళు.

"ఇప్పుడెందుకబ్బాయ్? చలికి పళ్ళు రాలిపోతాయి" అన్నాడు వెంకటప్పయ్య, దగ్గు ఆపుకుని.

"మీరూ మే నెల్లోనే వెళ్ళారుగా బాబాయ్?"

"నా పళ్ళు గట్టివి."

రాజేంద్రప్రసాద్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "మీ పడవవాడి పేరేంటన్నారు?"

"గులాం. ఎర్ర గడ్డం."

"వాడి చిలక మనిషిని చూడగానే సలాం అంటుందన్నారు కదా? అది చూడందే తిరిగి రానంటోంది మా బాలామణి."

రెండో ఇడ్లీ ముట్టుకోకుండానే వెంకటప్పయ్య లేచి ఇంటికెళ్ళిపోయాడు.

నాగేంద్రమ్మ చింతపండులో ఈనెలు తీస్తోంది. సంగతి విని మొగుడి వంక తలెత్తయినా చూడలేదు.

"అనుభవించండి. బెజవాడ స్టేషన్లో జనాన్ని చూసి, ఈ రైలెక్కితే శవాలై దిగుతామే అన్నదెవరు?"

"ఊరంతా దండలేసి సాగనంపారు. మర్నాడే ఏ మొహం పెట్టుకుని దిగమంటావు?"

"అందుకని రాజమండ్రి సత్రంలో పన్నెండు రోజులు దాక్కున్నాం. రోజూ మ్యాట్నీకెళ్ళి అదే సినిమా చూశాం. గోదావరి ఎండకి మాడి, మంచు మీద ఎండ కొట్టి నల్లబడ్డామని ఊళ్ళో చెప్పుకున్నాం. అక్కడితో ఆగొచ్చుగా! ఆ చిలకని పడవెక్కించమని మిమ్మల్నెవరడిగారు?"

ఆ చిలక సత్రం వాచ్‌మన్‌ది. సలాం గిలాం దానికి తెలియవు. గడప దాటితే చాలు, "తలుపెయ్యండి, కోతులొస్తాయి!" అని అరిచి పన్నెండు రోజులూ వాళ్ళ ప్రాణం తోడేసింది. సినిమాలో లేనిది ఒక్కటైనా చెప్పకపోతే ఊరు నమ్మదని వెంకటప్పయ్యే దాన్ని పంజరంతో సహా తీసుకెళ్ళి కాశ్మీరు పడవలో కూచోబెట్టాడు. సత్రం మాట మొగుడూ పెళ్ళాలకి తప్ప ఊళ్ళో మూడో మనిషికి తెలియదు.

"పోనీ ఆ అబ్బాయికి నిజం చెప్పేయండి."

"చెప్పి, ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగమంటావా?"

శుక్రవారం బస్టాండులో మొదటి దండ ఆయనచేతే వేయించారు.

"బెజవాడలో రైలెక్కడం మాత్రం జాగ్రత్తబ్బాయ్, జనం..." అన్నాడు చివరి ఆశతో.

"మీరెక్కినప్పుడు నేనెక్కలేనా బాబాయ్?" అని నవ్వాడు రాజేంద్రప్రసాద్.

"మీ చిలకకి జామపండు పెట్టొస్తాం బాబాయిగారూ!" అని కిటికీలోంచి అరిచింది బాలామణి.

ఆ రోజు నుంచి వెంకటప్పయ్యకి కంటి మీద కునుకు లేదు. పరువు దక్కితే తల మీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ సమర్పించుకుంటానని నెమలి ఊరి వేణుగోపాలస్వామికి మొక్కుకున్నాడు.

పదమూడో రోజు అంకారావే వచ్చి, "రండి రండి, మీ శిష్యుడు దిగాడు" అంటూ రెక్క పుచ్చుకుని లాక్కెళ్ళాడు. హోటలు కిటకిటలాడుతోంది. మధ్యలో శాలువా కప్పుకుని రాజేంద్రప్రసాద్, పక్కన బాలామణి. ఇద్దరూ పెనం అడుగులా ఉన్నారు.

"ఇంత నల్లబడ్డావేంటయ్యా?" అన్నాడు అంకారావు.

"మంచు మీద ఎండ. బాబాయ్ చెప్పలా?"

వెంకటప్పయ్య ఉలిక్కిపడ్డాడు.

"సరస్సు?"

"అచ్చం సినిమాలో ఉన్నట్టే."

"మరి ఆ గులాం?"

"మోకాళ్ళ దాకా గడ్డం! బాబాయ్ బాగున్నారా అని అడిగాడు."

"చిలక?" అని వెనక బల్ల మీంచి ఎవరో కేకేశారు. హోటలంతా చెవులు రిక్కించింది. వెంకటప్పయ్య కళ్ళు మూసుకున్నాడు.

"చూడకుండా వస్తామా? సలాం కూడా చెప్పింది."

"జామపండు పెట్టాను, తింది" అంది బాలామణి, గాజులు సర్దుకుంటూ.

అందరూ చప్పట్లు కొట్టారు. వెంకటప్పయ్య కళ్ళు చెమర్చాయి. లేని చిలక పండెలా తింటుంది? అబ్బాయి వెళ్ళాడు, అంతా చూశాడు, తన బొంకు తెలుసుకున్నాడు. అయినా పెద్దవాడి పరువు పోకూడదని నలుగురిలో తన మీదేసుకున్నాడు. కన్నకొడుకైనా ఇంత చేస్తాడా అనిపించింది. అతని ముందు తాను మరీ అల్పుడిలా తోచాడు. ఇక దాచడం మహాపాపం.

జనం పలచబడ్డాక అతన్ని హోటలు మెట్ల పక్కకి తీసుకెళ్ళాడు.

"అబ్బాయ్, నన్ను నిలబెట్టావు. నీ దగ్గర దాచలేను. అసలు నేను ఆ కాశ్మీరు..."

రాజేంద్రప్రసాద్ గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగాడు.

"తలుపెయ్యకపోతే నిజంగానే కోతులొస్తున్నాయి బాబాయ్!"