శిలువ ఎక్కనన్నవాడు

మాక్సిమో ఈ ఏడు కూడా శిలువ ఎక్కనన్నాడు.

చర్చి ముందు రేకుల పందిట్లో మీటింగు జరుగుతోంది. గుడ్ ఫ్రైడేకి ఇంకా మూడు వారాలుంది. ఫిలిప్పీన్స్ దేశం, పంపాంగాలోని ఆ పేటలో మొక్కున్న మగవాళ్ళు ఏటా ఆ రోజు అరచేతుల్లో నిజం మేకులు కొట్టించుకుని శిలువ మీద నిలబడతారు. మాక్సిమో పన్నెండేళ్ళు నిలబడ్డాడు. నిరుడు మానేశాడు. ఎందుకని అడిగితే అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

"నా వల్ల కాదపూ," అన్నాడు తల వంచుకుని.

అపూ అంటే అమ్మమ్మ. సెఫెరినాను పేటంతా అలాగే పిలుస్తుంది. శిలువెక్కేవాళ్ళకి అంగీలు కుట్టేది ఆవిడే. ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చేదీ ఆవిడే.

"మేకులంటే భయమా, టీవీ వాళ్ళు కుర్రాళ్ళ వెంట పడుతున్నారని అలకా?" అందావిడ. "పన్నెండేళ్ళూ దేవుడి కోసమే అన్నావు. ఇప్పుడా దేవుడు ఏ ఊరెళ్ళాడు?"

పందిరంతా నవ్వింది. మాక్సిమో కూడా కొంచెం నవ్వి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ నవ్వే ఆవిడకి ఒళ్ళు మండించింది. సిగ్గున్నవాడైతే కనీసం ఎదురు తిట్టేవాడు.

అతను ఖాళీ చేసిన శిలువ మీద నిరుడు ఆవిడ అల్లుడు ఆర్సెనియో ఎక్కాడు. మనవరాలు పిలార్ కోసం మొక్కు అది. పిల్లకి ఐదేళ్ళు. పుట్టిందగ్గర్నుంచి నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. అల్లుడి చేతుల్లో మేకులు దిగి నెల తిరక్కుండానే పిల్ల బుగ్గల్లో రంగొచ్చింది. ఇప్పుడు కోళ్ళని తరుముతోంది.

సెఫెరినా ఇది దాచుకోలేదు. అల్లుడు శిలువ మీదున్న ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ వేయించింది. కింద తన పేరు కూడా పెట్టించింది.

"దేవుడి మెప్పు చాలు మనకి, మనుషులతో పనేంటి," అంది కట్టేవాళ్ళతో. "ఇంకొంచెం పైకి కట్టండి. రోడ్డు మీదికి కనపడటం లేదు."

మాక్సిమోది క్రిస్మస్ లాంతర్లు కట్టే పని. చర్చికి ఇరవై ఏళ్ళుగా అతని లాంతరే. మొక్కు తప్పినవాడి చేతి దీపం దేవుడి ముందు వెలగకూడదని ఆవిడ పట్టుబట్టి, మొన్నటి డిసెంబరులో ఆ పని పక్క ఊరివాడికి ఇప్పించింది. దాంతో మిగతావాళ్ళూ అతని దగ్గర కొనడం తగ్గించేశారు. అతని భార్య బెలెన్ చేపల బజార్లో బుట్ట పెట్టుకుంది.

పైగా ఇంకో కథ. మూడు నెలలకోసారి మాక్సిమో ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే జీప్నీ బండి ఎక్కి పట్నం పోతాడు. మధ్యాహ్నానికి మొహం పాలిపోయి తిరిగొస్తాడు. ఎక్కడికని అడిగితే పనుందంటాడు. అక్కడ ఇంకో సంసారం ఉందని మొదట ఎవరన్నారో తెలియదు గానీ, పేటంతా మోసింది మాత్రం సెఫెరినాయే. బెలెన్‌ని బజార్లో ఆపి మరీ జాలి పడింది. బెలెన్ చేపలు తూచి ఇచ్చి తర్వాతి బేరం చూసుకుంది. మొగుడికి తగ్గ పెళ్ళాం అనుకుందావిడ.

గుడ్ ఫ్రైడే వచ్చింది. శిలువలు నాటిన దిబ్బ చుట్టూ ఇసక వేస్తే రాలనంత జనం. ఆర్సెనియో అరచేతుల్లో మేకులు దిగాయి. సెఫెరినా ముందు వరసలో నిలబడి, కొత్త నల్ల ముసుగు సర్దుకుని, టీవీవాళ్ళకి పిలార్ కథ మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చెప్పింది. మొదటిసారి గాలికి మాట సరిగ్గా పడలేదన్నారు.

తిరిగి వస్తుంటే మాక్సిమో ఎదురయ్యాడు. జనానికి దూరంగా, ఒక గోడ పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూడ్డానికి మాత్రం సిగ్గు లేదే," అంది పదిమందికీ వినపడేలా. "నీ బదులు ఇంకొకడు రక్తం ధారపోస్తుంటే."

"నిజమే అపూ," అన్నాడతను. "పాప ఎలా ఉంది?" అనడిగాడు.

"నీ నోట దాని మాట రానివ్వకు. దేవుణ్ణి మోసం చేసినవాడి దిష్టి దానికొద్దు."

చుట్టూ ఉన్నవాళ్ళు బాగా చెప్పావన్నట్టు తలలూపారు. ఆ రాత్రి ఆవిడకి అన్నం రుచిగా ఉంది.

ఈస్టర్ వెళ్ళిన సోమవారం మాక్సిమో మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకుని జీప్నీ ఎక్కాడు. సెఫెరినా వాకిట్లోంచి చూసి ఉమ్మేసింది.

గురువారం పిలార్‌ని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎప్పుడూ కూతురే తీసుకెళ్ళేది. ఈసారి కూతురికే జ్వరం. సెఫెరినాకి ఆసుపత్రి వాసన పడదు. లోపల ఏం చేస్తారో ఎన్నడూ అడిగింది లేదు. తప్పక బయల్దేరింది.

నర్సు పిల్లని పడుకోబెట్టి, చేతికి సూది గుచ్చి, పైన ఎర్రటి సంచీ తగిలించింది. పిల్ల అలవాటైనట్టు బొమ్మ పట్టుకుని పడుకుంది.

"ఇవన్నీ పైపై వైద్యాలమ్మా," అంది సెఫెరినా. "మా అల్లుడి చేతుల్లో దిగిన మేకులే దీన్ని నిలబెట్టాయి. టీవీలో చూళ్ళేదా?"

"మేకుల సంగతి నాకు తెలీదపూ," అంది నర్సు. "ఈ పాపది వెయ్యి మందిలో ఒకరికి కూడా ఉండని రక్తం. ఇదివరకు ఒక్క సంచీ కోసం మనీలా మీద ఆధారపడి వారాలు వారాలు ఎదురుచూసేవాళ్ళం. నిరుటి నుంచి ఒకాయన మూడు నెలలకోసారి వచ్చి ఇచ్చిపోతున్నాడు. అందుకే ఇలా లేచి తిరుగుతోంది."

సెఫెరినా లేచి నిలబడింది. అలాంటి పుణ్యాత్ముడు ఎవరో చెప్పమంది. వచ్చే గుడ్ ఫ్రైడేకి పిలిపించి, ముందు వరసలో తన పక్కనే నిలబెట్టి, ఊరందరికీ చూపిస్తానంది.

నర్సు రక్తం చుక్కలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకుంటూ అంది: "పేరు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు గానీ అపూ, మేకులు దిగిన ఒంట్లోంచి ఏడాది దాకా రక్తం తీసుకోవడం కుదరదని మేం చెప్పినందుకే పాపం, పన్నెండేళ్ళుగా ఎక్కుతున్న శిలువ ఎక్కడం మానేశాడు."