చేపకింత చోటు

టేపు ఒక కొస చేపలమ్మే అతని చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, ఆయన తన తోటలోని కొలను చుట్టూ మోకాళ్ళ మీద పాకాడు. ప్యాంటు బురదైనా లెక్కచేయలేదు. ఆయన మనసు వెన్నపూస.

పోయిన నెల ఇదే కొలనులో లెక్కాజమా లేకుండా కుమ్మరించిన చేపలన్నీ తెల్లారేసరికి వెల్లకిలా తేలాయి. ఆ పూట ఆయన ముద్ద ముట్టలేదు. ఇంకొక్క ప్రాణం పోతే తట్టుకోలేనని భార్యతో అన్నాడు కూడా. బుడగలు తెప్పించే పంపు పెట్టించాడు. కరెంటు పోతే అది ఆగకుండా దానికో ఇన్వర్టరు కూడా కొన్నాడు.

“ఇరవై బేషుగ్గా పడతాయి సార్,” అన్నాడు చేపలతను, సంచిలో ఈదుతున్న ఎర్రచేపల్ని చూపిస్తూ.

“పట్టడం వేరు, బతకడం వేరు. ఇప్పుడు వేలెడంత ఉన్నాయి. రేపు జానెడవుతాయి. అప్పుడో?”

“లోతు బాగానే ఉంది కదా సార్.”

“లోతుతో ఏం పనయ్యా? గాలి అందాలి. ఒకదాని తోక ఇంకోదాని మొహానికి తగులుతుంటే అదేం బతుకు? మూగజీవాలు, నోరు తెరిచి అడగలేవుగా.”

చేపలతను తల గోక్కున్నాడు. ఇంత జాలిగుండె బేరం అతనికి ఎప్పుడూ తగల్లేదు.

వరండాలోంచి భార్య పిలిచింది. “ఏమండీ, ఆ ముగ్గురమ్మాయిలూ వచ్చేశారు. పెట్టెలు మోస్తూ నిలబడ్డారు, ఎక్కడ సర్దమంటారు?”

“ఉండవే, లెక్క తప్పుతోంది.”

పొడవూ వెడల్పూ గుణించాడు. చేప ఎంత పెరుగుతుందో అడిగి భాగించాడు. వచ్చినదాంట్లోంచి మళ్ళీ రెండు తగ్గించాడు, రేపు అవి గుడ్లు పెడితే పుట్టబోయే వాటికీ చోటుండాలని. చివరికి ఎనిమిది తేలింది.

“ఎనిమిదే. తొమ్మిదోది వెయ్యమని మీ తాత దిగొచ్చి చెప్పినా వెయ్యను. నా చేతుల్తో నేనే గొంతు నులిమినట్టవుతుంది.”

చేపలతను గొణుక్కుంటూ ఎనిమిది వదిలి, మిగతావి మూటగట్టుకున్నాడు. కొలనంతా తమదేనన్నట్టు అవి తిరుగుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

“వాళ్ళింకా నిలబడే ఉన్నారండీ,” అంది భార్య.

“పైగదిలో పదకొండు మందేగా ఉన్నది, గోడవార ఇంకో మూడు చాపలు పడతాయి, పంపించు,” అన్నాడు చేపల మీంచి చూపు తిప్పకుండానే ఆ లేడీస్ హాస్టల్ ఓనరు.